ప్రాసిక్యూటర్ మాట ఎవరిని కట్టిపడేస్తుంది? కామన్‌వెల్త్ వర్సెస్ కాస్బీ తీర్పు, ఒక న్యాయవాది పరిశీలన

నా కక్షిదారు ఒకాయన మీద ఒకే లావాదేవీ గురించి రెండు కేసులు నడుస్తున్నాయి. భాగస్వామ్య వ్యాపారంలో లెక్క తేల్చలేదంటూ సివిల్ కోర్టులో వేసిన డబ్బు దావా ఒకటి, అదే లెక్క విషయంలో మోసం చేశాడంటూ పోలీసు స్టేషన్లో నమోదైన ఎఫ్‌ఐఆర్ రెండోది. దావాలో ప్రతివాదిగా సాక్ష్యం చెప్పాల్సిన వాయిదాకు వారం ముందు ఆయన ఆఫీసుకు వచ్చి, "క్రిమినల్ కేసు రెఫర్ చేసేస్తామని దర్యాప్తు అధికారి చెప్పారండి, ఇక కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పేయొచ్చు కదా" అన్నారు. రెఫర్ చేయడమంటే, విచారణకు పంపేంత కేసు లేదని పోలీసులు మూసేయడం. ఆ మాట కాగితం మీద ఏమైనా ఉందా అని అడిగాను. లేదన్నారు. ఆ సాయంత్రం నేను తీసి చదివిన తీర్పు మన దేశానిది కాదు, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్ర సుప్రీంకోర్టు 2021 జూన్ 30న, లైంగిక దాడి కేసులో శిక్ష పడిన నటుడు బిల్ కాస్బీ అప్పీలులో ఇచ్చినది. కేసు పేరులోని 'కామన్‌వెల్త్' అంటే ఆ రాష్ట్రమే. సివిల్ దావాలో ఇచ్చిన వాంగ్మూలం క్రిమినల్ అప్పీలు ఫలితాన్ని తేల్చిన కేసుల్లో ఇంత స్పష్టమైనది నాకు మరొకటి కనబడలేదు.

ముందుగా ఆ కోర్టు స్థానం గురించి ఒక మాట చెప్పాలి. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత కోర్టుల వరుస ఉంటుంది. రాష్ట్ర చట్టానికి అర్థం చెప్పడంలో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానానిదే ఆఖరి మాట, ఫెడరల్ రాజ్యాంగపు ప్రశ్న ఇమిడి ఉంటేనే వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టుకు వెళ్లే దారి ఉంటుంది. పేర్లను చూసి మోసపోకూడదు: న్యూయార్క్‌లో 'సుప్రీంకోర్టు' అంటే విచారణ కోర్టు, అక్కడి అత్యున్నత న్యాయస్థానం పేరు 'కోర్ట్ ఆఫ్ అప్పీల్స్'. పెన్సిల్వేనియాలో మాత్రం పేరుకు తగ్గట్టే ఉంది. కామన్ ప్లీస్ కోర్టులో విచారణ, సుపీరియర్ కోర్టులో మొదటి అప్పీలు, ఆపై ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు. అక్కడికి వెళ్లాలంటే మన స్పెషల్ లీవ్ పిటిషన్ లాగా ముందు అనుమతి తెచ్చుకోవాలి.

ఇక వాస్తవాలు. టెంపుల్ యూనివర్సిటీ మహిళల బాస్కెట్‌బాల్ విభాగంలో పనిచేసిన ఒక ఉద్యోగిని, 2004 జనవరిలో కాస్బీ తన ఇంట్లో తనకు మాత్రలు ఇచ్చి లైంగిక దాడికి పాల్పడ్డాడని ఏడాది తర్వాత, 2005 జనవరిలో ఫిర్యాదు చేశారు. ఆమె తానే బహిరంగంగా మాట్లాడారు కాబట్టి అక్కడి తీర్పులో పేరు ఉంది; మన కోర్టుల అలవాటు ప్రకారం ఇక్కడ రాయడం లేదు. మాంట్‌గోమరీ కౌంటీ జిల్లా అటార్నీగా, అంటే అక్కడి ప్రధాన ప్రాసిక్యూటర్‌గా, ఉన్న బ్రూస్ కాస్టర్ దర్యాప్తు చేయించి, నేరం రుజువు చేయడానికి చాలినంత విశ్వసనీయమైన, చెల్లుబాటయ్యే సాక్ష్యం లేదని నిర్ణయించి, 2005 ఫిబ్రవరి 17న తన సంతకంతో ఒక పత్రికా ప్రకటన విడుదల చేశారు.

కేసు మొత్తం ఈ ప్రకటన మీదే నిలబడింది కాబట్టి కొంచెం ఆగి చూడాలి. నేరారోపణ చేయడం లేదని ప్రకటనలో ఉంది. ఎప్పటికీ చేయబోమని ఎక్కడా లేదు. పైగా, అవసరం ఏర్పడితే 'ఈ నిర్ణయాన్ని' పునఃపరిశీలిస్తానని అన్ని పక్షాలనూ హెచ్చరించే వాక్యం ఒకటి ఉంది. ఏ నిర్ణయాన్ని? నేరారోపణ చేయకూడదన్న నిర్ణయాన్నా, లేక అంతకు ముందు వాక్యాల్లో చెప్పినట్టు ఈ విషయం గురించి బహిరంగంగా మాట్లాడకూడదన్న నిర్ణయాన్నా? పదకొండేళ్ల తర్వాత సాక్షి బోనెక్కిన కాస్టర్ రెండో అర్థమే తన ఉద్దేశమన్నారు. 'ఈ' అన్న మాట దేన్ని సూచిస్తుందో తెలియకుండా రాస్తే ఏమవుతుందో మన డాక్యుమెంట్ రైటర్లకు చూపించాల్సిన వాక్యం ఇది.

కాస్టర్ చెప్పిన తర్కం మాత్రం లోతైనది. అమెరికా రాజ్యాంగంలోని ఐదో సవరణ ప్రకారం తనను నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పనని ఎవరైనా నిరాకరించవచ్చు, అది సివిల్ దావాలో అయినా సరే. అయితే ఆ హక్కు ప్రాసిక్యూషన్ ప్రమాదం ఉన్నంత వరకే బతికి ఉంటుంది; ప్రమాదం తొలగిపోతే నోరు మూసుకునే హక్కు కూడా తొలగిపోతుంది. క్రిమినల్ కేసు గెలవలేమని తెలిసినప్పుడు కనీసం సివిల్ దావాలోనైనా ఫిర్యాదుదారుకు న్యాయం దక్కాలంటే, ప్రాసిక్యూషన్ భయాన్ని శాశ్వతంగా తీసేసి కాస్బీ చేత మాట్లాడించాలని తాను భావించానని ఆయన వాంగ్మూలం. చట్టబద్ధంగా ఇమ్యూనిటీ, అంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ, ఇవ్వాలంటే పెన్సిల్వేనియాలో కోర్టు ఉత్తర్వు కావాలి; ఆయన ఆ దారిలో వెళ్లలేదు. కాస్బీ తరఫున ఆనాడు మాట్లాడిన క్రిమినల్ న్యాయవాదితో రాతపూర్వకంగా ఒప్పందమూ చేసుకోలేదు. ఆ న్యాయవాది 2015లో, విషయం కోర్టుకు రాకముందే, కన్నుమూశారు.

2005 మార్చిలో ఫిర్యాదుదారు ఫెడరల్ కోర్టులో నష్టపరిహారం దావా వేశారు. మనకు అలవాటు లేని 'డిపొజిషన్' అనే ప్రక్రియలో, అంటే విచారణకు ముందే ఎదుటి న్యాయవాది ప్రమాణం చేయించి ప్రశ్నలడిగే పద్ధతిలో, కాస్బీ నాలుగుసార్లు కూర్చున్నారు. ఒక్కసారి కూడా ఐదో సవరణ పేరెత్తలేదు. లైంగిక సంబంధం పెట్టుకోవాలనుకున్న స్త్రీలకు ఇవ్వడం కోసం గతంలో క్వాలూడ్ అనే మత్తుమాత్రలు సంపాదించినట్టు ఆ జవాబుల్లో ఒప్పుకున్నారు. 2006లో 33.8 లక్షల డాలర్లకు దావా రాజీ అయింది, రికార్డు సీలులోకి వెళ్లింది.

2015 జులైలో ఒక వార్తా సంస్థ అభ్యర్థన మీద ఫెడరల్ జడ్జి ఆ రికార్డులో కొంత బయటపెట్టారు. కౌంటీలో అప్పటికి జిల్లా అటార్నీ మారారు. కొత్త అటార్నీ రీసా ఫెర్మన్ దర్యాప్తును తిరగతోడితే, కాస్టర్ ఆమెకు ఈమెయిల్ రాస్తూ ఆ డిపొజిషన్‌ను క్రిమినల్ కేసులో వాడే వీలు లేదన్నారు. అలాంటి ఒప్పందం ఉందని తనకు తెలియదని, రాతలో ఉంటే చూపమని ఆమె అడిగారు. ఆ పత్రికా ప్రకటనే రాత అన్నది కాస్టర్ సమాధానం. పన్నెండేళ్ల కాలపరిమితి ముగియడానికి కొద్ది రోజుల ముందు, 2015 డిసెంబర్ 30న, కాస్బీ మీద నేరారోపణ దాఖలైంది. ఆ నవంబర్ ఎన్నికలో కాస్టర్‌ను ఓడించిన కెవిన్ స్టీల్ ఆ కేసు నడిపారు. మొదటి జ్యూరీ 2017లో ఏకాభిప్రాయానికి రాలేదు. రెండో జ్యూరీ 2018 ఏప్రిల్‌లో మూడు అభియోగాల మీదా దోషిగా తేల్చింది. సెప్టెంబర్‌లో మూడు నుంచి పదేళ్ల జైలు శిక్ష పడింది. సుపీరియర్ కోర్టు 2019 డిసెంబర్‌లో దాన్ని ఖాయం చేసింది.

సుప్రీంకోర్టు రెండు ప్రశ్నల మీద అనుమతి ఇచ్చింది: కాస్టర్ హామీ తర్వాతి అటార్నీని కట్టిపడేస్తుందా అన్నది ఒకటి, కాస్బీ తమ మీదా అలాంటి దాడి చేశాడని చెప్పిన ఇతర స్త్రీల సాక్ష్యాన్ని అనుమతించడం సరైనదా అన్నది మరొకటి. మొదటిదానిలోనే అప్పీలు తేలిపోవడంతో రెండోదాన్ని ముట్టుకోలేదు.

వాస్తవమూ, చట్టమూ

చట్టపు ప్రశ్న ఉంటేనే నడిచే, సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 100 కింది రెండో అప్పీలు వాదించేవారికి ఈ తీర్పులో ఒక గీత వెంటనే కనబడుతుంది. విచారణ జడ్జి స్టీవెన్ ఓనీల్ 2016 ఫిబ్రవరిలో రెండు రోజులు సాక్ష్యం విని, కాస్టర్ మాటల్లో పొంతన లేదని, చట్టం గుర్తించే హామీ ఏదీ లేదని, దాన్ని నమ్ముకోవడం సమంజసమూ కాదని నిర్ధారించారు. రికార్డు బలపరిచే వాస్తవ నిర్ధారణలను అప్పీలు కోర్టు తిరగదోడకూడదు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ డేవిడ్ వెక్ట్ ఆ సూత్రాన్ని ఒప్పుకుంటూనే, ప్రకటన వెలువడిందా, అందులో ఏముంది, ఆ తర్వాత కాస్బీ ఏం చేశాడు అనేవి వాస్తవాలని, వాటి న్యాయపరమైన ఫలితం ఏమిటన్నది చట్టపు ప్రశ్న అని, దాన్ని తాము కొత్తగా పరిశీలించవచ్చని దారి చేసుకున్నారు. అధికారిక ఇమ్యూనిటీ ఒప్పందం లేదన్న విచారణ కోర్టుతో ఆయనకు పేచీ లేదు. అయితే ఒప్పందం లేకపోయినా ప్రాసిక్యూటర్ షరతు లేకుండా ప్రకటించిన నిర్ణయాన్ని నమ్మి ఒక వ్యక్తి తన రాజ్యాంగ హక్కును వదులుకొని నష్టపోయాడంటే, న్యాయమైన ప్రక్రియే జరగాలనే డ్యూ ప్రాసెస్‌లో అంతర్భాగమైన మౌలిక న్యాయం ఆ మాటను నిలబెట్టమంటుందన్నారు. మన చట్టంలో ప్రామిసరీ ఎస్టాపెల్ అనే పేరుతో, 1979 మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ తీర్పు నుంచి పన్ను రాయితీల కేసుల్లో మనం వాదించే సూత్రమే అక్కడ ఒక నేరస్థాపనను రద్దు చేసే స్థాయికి వెళ్లింది.

చీఫ్ జస్టిస్ పదవి నుంచి అప్పటికి దిగిపోయిన జస్టిస్ థామస్ సేలర్ పూర్తిగా విభేదించారు. ఆ ప్రకటన ఆ నాటి విచక్షణను తెలిపే మామూలు ప్రకటనే తప్ప హామీ కాదని ఆయన చదివారు. నిజం చెప్పాలంటే, ప్రకటనను మాత్రమే చేతిలో పెట్టి అడిగితే నేనూ ఆయన పక్కనే నిలబడతాను. రాజీ పత్రంలో తాను క్రిమినల్ ఫిర్యాదు ప్రారంభించనని ఫిర్యాదుదారు చేత రాయించుకున్న షరతు కూడా ఆ పఠనానికే బలం. ప్రాసిక్యూషన్ భయం నిజంగా పోయి ఉంటే ఆ షరతు ఎందుకు? కానీ మెజారిటీ చూపు పత్రం మీద కన్నా ప్రవర్తన మీద నిలిచింది. తలపండిన న్యాయవాదులు పక్కన ఉండగా ఒక ముద్దాయి నాలుగుసార్లు ప్రమాణం చేసి నోరు విప్పాడంటే, వారు దేన్నో నమ్మారన్నది ఆ వాదన సారం.

ఉపశమనం దగ్గర ధర్మాసనం మళ్లీ చీలింది. హక్కు ఉల్లంఘన జరిగిందని ఏడుగురిలో ఆరుగురు ఒప్పుకున్నారు. జస్టిస్ కెవిన్ డోహర్టీ, ఆయనతో కలిసిన చీఫ్ జస్టిస్ మ్యాక్స్ బేర్, డిపొజిషన్‌నూ దాని ద్వారా దొరికిన సాక్ష్యాన్నీ తొలగించి మళ్లీ విచారణ జరపాలన్నారు. మిగతా నలుగురు ఒప్పుకోలేదు: నాలుగు డిపొజిషన్లు, చెల్లించిన సొమ్ము, ముగిసిన దావా వెనక్కి రావు కాబట్టి సాక్ష్యాన్ని తొలగించినంత మాత్రాన ఆయన పూర్వస్థితికి చేరడని, మాటను యథాతథంగా అమలు చేయడమే దారి అని, శిక్ష రద్దు చేసి, ఈ ఆరోపణ మీద మళ్లీ ప్రాసిక్యూషన్ ఉండరాదని నిర్ణయించారు. 83 ఏళ్ల కాస్బీ ఆ రోజే జైలు నుంచి బయటికి వచ్చారు. 2022 మార్చి 7న అమెరికా సుప్రీంకోర్టు ప్రాసిక్యూషన్ పిటిషన్‌ను స్వీకరించలేదు.

నా మటుకు డోహర్టీ చెప్పిన ఉపశమనమే కొలతకు సరిపోతుందనిపిస్తుంది. నష్టపోయింది నోరు మూసుకునే హక్కు. ఆ నోటి నుంచి వచ్చినదాన్ని పక్కన పెడితే ఫిర్యాదుదారు సాక్ష్యం ఇంకా మిగిలే ఉంది, దాన్ని జ్యూరీ తూచి ఉండేది. ఇది నిర్దోషి అని ప్రకటించిన తీర్పు కాదని కూడా గుర్తు పెట్టుకోవాలి. తీర్పు వెలువడిన రోజున మన ఛానళ్లలో 'నిర్దోషిగా విడుదల' అని స్క్రోలింగ్ నడిపినవారు తీర్పు చదవలేదు.

ఎవరి మాట అన్నదీ ఇక్కడ ముఖ్యమే. ఇదే కోర్టు 1995లో స్టిపెటిచ్ కేసులో, డ్రగ్స్ ఎక్కడి నుంచి వచ్చాయో చెబితే కేసు పెట్టమని పోలీసు అధికారి ఇచ్చిన హామీ ప్రాసిక్యూటర్‌ను కట్టిపడేయదని చెప్పింది. కేసు పెట్టాలా వద్దా అని నిర్ణయించే అధికారం లేనివాడు దాన్ని వదులుకుంటానని మాటివ్వలేడు. అయితే ఆ మాటను నమ్మి చెప్పిన విషయాలను సాక్ష్యంగా వాడకుండా ఆపమని కోరే దారిని మాత్రం మూసేయలేదు.

షికాగోలో అదే ప్రశ్న

కాస్బీ తీర్పు పెన్సిల్వేనియా సరిహద్దు దగ్గర ఆగలేదు. షికాగోలో తన మీద ద్వేషపూరిత దాడి జరిగిందని 2019 జనవరిలో తప్పుడు ఫిర్యాదు ఇచ్చారన్న ఆరోపణ మీద నటుడు జుస్సీ స్మాలెట్‌పై 16 అభియోగాలు నమోదయ్యాయి. అదే మార్చి 26న, 10 వేల డాలర్ల బాండు సొమ్ము వదులుకుని, సమాజ సేవ చేసినందుకు ప్రతిగా, కుక్ కౌంటీ ప్రాసిక్యూటర్లు 'నోలీ ప్రాసిక్వై' అంటే కేసు నడపబోమని చెప్పి ఉపసంహరించుకున్నారు. ప్రజల్లో పెద్ద దుమారం రేగింది. ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను నియమించారు. 2020లో ఆరు అభియోగాలతో కొత్త కేసు, 2021 డిసెంబర్‌లో ఐదింటిలో దోషిగా తీర్పు, 150 రోజుల జైలు, ప్రొబేషన్, జరిమానా. అప్పీలు కోర్టు 2023లో ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా చీలి, మెజారిటీతో శిక్షను నిలబెట్టింది.

షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2024 నవంబర్ 21న దాన్ని కొట్టేసింది. ఇద్దరు న్యాయమూర్తులు పాల్గొనలేదు, మిగతా ఐదుగురిదీ ఒకే మాట. మామూలుగా నోలీ ప్రాసిక్వై తర్వాత మళ్లీ కేసు వేయడానికి అడ్డు ఉండదు. కానీ ఇక్కడ అది ఏకపక్ష ఉపసంహరణ కాదని, రెండు పక్షాల ఒప్పందంలో భాగమని, ముద్దాయి తన వంతు నెరవేర్చాడని జస్టిస్ ఎలిజబెత్ రోచ్‌ఫర్డ్ రాశారు. మొదటి పరిష్కారం అన్యాయమని చాలామంది భావించారని ఒప్పుకుంటూనే, నమ్మి నష్టపోయినవారితో చేసుకున్న ఒప్పందాన్ని రాష్ట్రం పాటించనవసరం లేదని తీర్పు చెప్పడం అంతకన్నా పెద్ద అన్యాయమవుతుందన్నారు. అందుకు ఆమె కాస్బీ తీర్పును ఆధారంగా తీసుకున్నారు. నాకు ఇది కాస్బీ కన్నా గట్టి కేసు. ఇక్కడ ఇచ్చిపుచ్చుకోవడం కోర్టు రికార్డులోనే జరిగింది, 'ఈ నిర్ణయం' అంటే ఏది అన్న గొడవ లేదు.

మన కోర్టుకు వచ్చేసరికి

ఈ తీర్పులను మన దగ్గర నేరుగా ఉదహరించి లాభం లేదు, ఎందుకంటే మన ప్రాసిక్యూటర్‌కు ఒంటరిగా అలాంటి మాట ఇచ్చే అధికారమే చట్టం ఇవ్వలేదు. కేసు ఉపసంహరణకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 360 కింద, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 321 కింద లాగే, కోర్టు సమ్మతి కావాలి. కొత్త చట్టంలో బాధితుల మాట వినకుండా ఆ సమ్మతి ఇవ్వకూడదు. అభియోగాలు రూపొందించక ముందు ఉపసంహరిస్తే డిశ్చార్జి, అంటే ఆ కేసు నుంచి విడిచిపెట్టడం, మాత్రమే; డిశ్చార్జి సెక్షన్ 337 కింద నిర్దోషిత్వం కాదు. అప్రూవర్‌కు క్షమాభిక్ష సెక్షన్ 343 కింద మేజిస్ట్రేటు చేతిలో ఉంది. ఇక పోలీసులు 'మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్' అని రెఫర్ చేసినా, మేజిస్ట్రేటు దాన్ని అంగీకరించాలి, ఫిర్యాదుదారుకు నోటీసు వెళ్లాలి, కేసు మూయవద్దంటూ ఆయన ప్రొటెస్ట్ పిటిషన్ వేయవచ్చు, సెక్షన్ 193(9) కింద తదుపరి దర్యాప్తు ఎప్పుడైనా తెరుచుకోవచ్చు. దర్యాప్తు అధికారి నోటిమాట మన దగ్గర స్టిపెటిచ్ కేసులోని పోలీసు మాట కన్నా బలహీనమైనది.

సివిల్ సాక్ష్యం వైపు మాత్రం మనకు వేరే రక్షణ ఉంది. ఇక్కడ సాక్షి, తనను నేరంలో ఇరికిస్తుందన్న కారణంతో సంబంధమున్న ప్రశ్నకు జవాబు చెప్పనని తప్పించుకోలేడు. పాత సాక్ష్య చట్టం సెక్షన్ 132, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 137 చెప్పేది అదే. బదులుగా, బలవంతాన ఇచ్చిన ఆ జవాబును, అబద్ధపు సాక్ష్యం కేసులో తప్ప, అతని మీద క్రిమినల్ కేసులో రుజువు చేయకూడదని ఆ సెక్షన్‌కు ఉన్న ప్రొవైజో, అంటే షరతు, అంటుంది. చిక్కంతా 'బలవంతాన' అన్న మాటలో ఉంది. అభ్యంతరం చెప్పకుండా ఇచ్చిన జవాబు బలవంతపుది కాదని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ మెజారిటీ 1881లోనే గోపాల్ దాస్ కేసులో చెప్పింది. 2015లో ఆర్. దినేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రొవైజోకు అత్యంత ఉదారమైన అర్థం చెప్పాలంది. ఉదారమైన అర్థం మీద భారం వేసి కక్షిదారును బోనెక్కించే ధైర్యం నాకు లేదు. అభ్యంతరం చెప్పడానికి ఒక వాక్యం చాలు. ఇంకొక సంగతి, ప్రమాణపత్రం (అఫిడవిట్) రూపంలో మనమే దాఖలు చేసే సొంత సాక్ష్యం, అంటే చీఫ్ ఎగ్జామినేషన్‌ను ఎవరూ బలవంతంగా రాబట్టినట్టు కాదు.

అందుకని నా కక్షిదారు విషయంలో మొదట 1954 ఎం.ఎస్. షరీఫ్ తీర్పు చూపి, క్రిమినల్ కేసు తేలేదాకా దావా ఆపమని పిటిషన్ వేశాను. చార్జిషీటు పడిందా అని జడ్జిగారు అడిగారు. లేదన్నాను. పిటిషన్ కొట్టేశారు. ఆ రాత్రి పద్నాలుగు పేజీల చీఫ్ అఫిడవిట్‌ను ఐదు పేజీలకు కుదించి, దావాకు అవసరమైన లెక్కలు మాత్రమే ఉంచాం. క్రాస్‌లో ఎదుటి న్యాయవాది, ఫలానా చెక్కు ఇచ్చేనాటికి ఖాతాలో డబ్బు లేదని మీకు తెలుసా అని అడగగానే లేచి, ఇదే విషయం మీద క్రిమినల్ కేసు ఉందని, సెక్షన్ 137 రక్షణ కోరుతున్నామని చెప్పాను. ఎదుటి న్యాయవాది నవ్వారు, కేసు రెఫర్ అవుతోందటగా అన్నారు. జడ్జిగారు మాత్రం సాక్ష్యం రాసే డిపొజిషన్ షీటులో అభ్యంతరం రాసుకుని, 'సాక్షి జవాబు చెప్పవలసిందిగా కోర్టు ఆదేశించినది' అని ఆ కింద మరో వరుస చేర్చారు. అప్పుడే నా కక్షిదారు జవాబు చెప్పారు.

నాలుగు నెలల తర్వాత ఆ దర్యాప్తు అధికారికి బదిలీ అయింది. ఆయన స్థానంలో వచ్చినాయన మూడో వారంలో చార్జిషీటు దాఖలు చేశారు. సాక్షుల జాబితా చివర జతచేసిన పత్రాల్లో ఏడోది, సివిల్ దావాలో నా కక్షిదారు ఇచ్చిన సాక్ష్యం సర్టిఫైడ్ కాపీ. ఆ రెండు వరుసలు కూడా అందులో ఉన్నాయి.